నెమ్మది తోలకం

"ఎట్టాగూ ఇంకొల్లు దాకా పోతావుగా, ఆ మిరపకాయల మూట కూడా వెనక వేసుకుపో. మర పట్టించుకొచ్చెయ్. నువ్వు తిరిగేది ఊరికేగా" అన్నాడు బుడాన్, కారు తాళంచెవి అరుగు మీద పెడుతూ.

ముందురోజు సాయంత్రమంతా కూర్చుని ఆ కాయలకి తొడిమలు తీసింది నజ్మీనే. వేళ్ళు ఇంకా మండుతున్నాయి. కళ్ళు మూతలు పడుతున్నా ఆ చేత్తో నలుపుకోవడానికి లేదు. ఇడ్లీ పాత్ర దించి, మొగుడికి పళ్ళెంలో పెట్టి, మధ్యాహ్నానికి పప్పు నానబోసి, అత్తకి బీపీ బిళ్ళ అందించి, అప్పుడు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తాళంచెవి తీసుకుంది. ఊరికే అన్న మాట ఆమెకి కొత్త కాదు. ఊరికే ఇంట్లోనే ఉంటావుగా, ఈ వైర్లకి గుడ్డపట్టీ చుట్టు. ఊరికే కూర్చున్నావుగా, ఆ సీటు కుట్టెయ్. ఊరికే ఉన్నప్పుడు ఆ గ్యాస్కెట్ల అట్టలు కత్తిరించి పెట్టు. ఇన్ని ఊరికేల మధ్య ఆమె ఒక్కనాడైనా ఊరికే ఉన్నదెప్పుడో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

పర్చూరు దాటి ఇంకొల్లు రోడ్డెక్కగానే ఎడమచేతి వైపు కనపడే రేకుల షెడ్డు బుడాన్‌ది. వెనకే ఇల్లు. ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేసే షెడ్లు ఆ రోడ్డు మీద చాలా ఉన్నాయిగానీ, బుడాన్ దగ్గరికొచ్చే బండ్లు వేరు. మన తాతల నాటి కార్లు. డబ్బున్నవాళ్ళు వాటిని వేసుకుని ర్యాలీలకి పోతారు. అదేం పందెమో మొదట్లో నజ్మీన్‌కి అర్థమయ్యేది కాదు. ముందు పోయినవాడు గెలవడం కాదట. దేశం ఆ కొసనుంచి ఈ కొసకి, ఎండలో, గుట్టల్లో, గతుకుల్లో, ఆ ముసలి బండి ఆగిపోకుండా చెప్పిన వేళకి చెప్పిన చోటుకి చేరాలట. దానికోసం బండిని మొత్తం విప్పి మళ్ళీ కడతాడు బుడాన్. అడుగున రాళ్ళు తగలకుండా ఇనప పలక, కమానుకట్టలకి అదనంగా ఇంకో పట్టీ, డిక్కీలో రెండో పెట్రోలు ట్యాంకు, ఇంజనుకి సిలిండర్లు సానబట్టి కొత్త బోరు. చేతి పని మంచిదే మనిషికి. ఎవరూ కాదనరు.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది యాభై తొమ్మిది మోడల్ అంబాసిడర్. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉన్న శ్రీకృష్ణగారిది. కన్యాకుమారిలో మొదలై లద్దాఖ్‌లో ఆగే ర్యాలీకి అల్లుడితో కలిసి పోతున్నాడాయన. ఆ బండికి రబ్బరు నురగ సీట్లు పనికిరావు, మా తాత కూర్చున్నట్టే దూది సీట్లు కావాలన్నాడు. దూదేకడం బుడాన్ వాళ్ళ కులవృత్తి. వాళ్ళ అమ్మ జోహరాబీ అటకమీది వింటిబద్ద దింపించి, డెబ్బై ఏళ్ళ చేతులతో వినుకొండ పత్తి ఏకింది. నజ్మీన్ దాన్ని సీట్లలోకి కూరి కుట్టింది. ఇంకో షరతు కూడా పెట్టాడు శ్రీకృష్ణగారు. మీటరు ముట్టుకోవద్దన్నాడు. తాతగారు ఏ అంకె దగ్గర తోలడం ఆపారో ఆ అంకె అట్టాగే ఉండాలట, ర్యాలీ మొదలయ్యే గీత దగ్గర్నుంచే మళ్ళీ తిరగాలట. బుడాన్‌కి ఇది కొత్తేం కాదు. పాత బండ్ల ఓనర్లందరికీ ఏదో ఒక పట్టింపు ఉంటుంది కాబట్టి, ఏ బండి వచ్చినా ముందు మీటరు వైరు ఊడదీసి పక్కన పెట్టడం ఆ షెడ్డులో ఆచారమైపోయింది.

అట్లా మీటరు తీసిన బండిని తోలడమే నజ్మీన్ పని.

కొత్తగా బోరు కొట్టిన ఇంజన్ని ఎకాయెకీ దౌడు తీయించకూడదు. లోపల రింగులూ గోడలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కుదురుకోవాలి. దానికి వెయ్యి కిలోమీటర్ల దాకా నెమ్మదిగా తోలాలి. నలభై దాటకూడదు. ఒకే వేగంలో పోకూడదు, గుంజకూడదు, వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి. నెమ్మది తోలకం అంటాడు దాన్ని బుడాన్. అందులో తొందరపడ్డా, కక్కుర్తి పడ్డా అప్పటికప్పుడు పైకేమీ తెలియదు. ఎప్పుడో ఒక మండుటెండలో, ఏదో కొండ ఎక్కేటప్పుడు పిస్టన్ పట్టేసి బండి నిలబడిపోతుంది. అంత ముఖ్యమైన పనే. కానీ ఆ పని మగవాళ్ళెవరికీ చేతకాదు. చేతకాక కాదు, ఓపిక లేక. వెనక ఆటోవాడు హారను కొట్టి దాటిపోతుంటే నలభైలో కూర్చోవడం బుడాన్ వల్ల కాలేదు. ఒకసారి అట్లాగే ఒక బండి పాడుచేసుకున్నాడు కూడా. అప్పటినుంచి అది నజ్మీన్ పాలబడింది.

ఆమెకి తోలడం వచ్చిన తీరు కూడా చిత్రమే. పెళ్ళైన కొత్తల్లో చచ్చిన బండ్లని తాడుకట్టి షెడ్డుకి లాక్కొచ్చేటప్పుడు, వెనక బండిలో స్టీరింగు పట్టుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చేది. కూలికి మనిషిని పెట్టడమెందుకని పెళ్ళాన్ని కూర్చోబెట్టాడు. ఇంజను లేని బండిని, ముందువాడు ఎటు లాగితే అటు తిప్పుకుంటూ పోవడం ముందు నేర్చుకుంది నజ్మీన్. ఇంజనున్న బండి తర్వాత.

"ఆడదాని చేతిలో చక్రం పెట్టావు. ఇంక ఇల్లు ఏ పక్కకి మళ్ళుద్దో చూసుకో" అన్నది అప్పట్లో జోహరాబీ కొడుకుతో. ఆ మాట పట్టుకునే బుడాన్ ఇంకో కట్టడి పెట్టాడు. ఒంటరి ఆడమనిషి కారేసుకుని ఊళ్ళమ్మట తిరిగితే బాగుండదు కాబట్టి వెనక సీట్లో అమ్మ కూర్చోవాలి. కాపలా అన్నమాట. మీటరు లేదుగనక వేగం చెప్పేది కూడా జోహరాబీయే. ఆమె తమలపాకుల డబ్బా వెనక అద్దం కింద పెట్టుకుంటుంది. బండి నలభై దాటిందంటే చాలు, ఆ ఇత్తడి డబ్బా మూత టకటకలాడుతుంది. "ఏందే ఆ ఉరుకుడు" అంటుంది ముసలమ్మ. నజ్మీన్ కాలు తగ్గిస్తుంది.

ఆవేళ కూడా అట్లాగే పోయారు. రెండువైపులా ఎర్రగా కళ్ళాలు. పట్టాల మీద ఎండబోసిన మిరప ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో పడుతోంది. ఇంకొల్లులో మర దగ్గర మూట దించుతుంటే, మర ఓనరు కోటేష్ పళ్ళికిలించాడు. "ఏం వదినా, రోజూ ఇంత నింపాదిగా ఎటు? ఊరేగింపా? బాజాలు పెట్టమంటావా?" జోహరాబీ లోపల్నుంచే అందుకుంది. "పెట్టరా. ముందు నీ మరకి పళ్ళు పెట్టుకో, పోయినసారి కారం బరకబరకగా పట్టావు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నజ్మీన్‌కి నవ్వొచ్చింది కానీ, నవ్వితే కడుపులో పోటు. మూట దించిన కాస్త బరువుకే నడుం దగ్గర్నుంచి కిందికి లాగేస్తోంది.

ఆమె గర్భసంచిలో గడ్డలున్నాయి. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంటుంది. మొహం తెల్లకాగితమైంది. గుంటూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ చెయ్యాలని చెప్పి రోజు ఇచ్చింది. ఆ రోజుకి షెడ్డులో ఒక జీపు ఉంది. జీపు పోయాక పోదాంలే అన్నాడు బుడాన్. మళ్ళీ రోజిచ్చారు. అప్పుడు ఒంగోలు నుంచి ఫియట్ వచ్చింది. మూడోసారి ఇచ్చింది ఈ గురువారానికి. "ఇంకా వాయిదా వేస్తే నేను చెయ్యడానికి నీ ఒంట్లో రక్తం మిగలదమ్మా" అని మరీ చెప్పింది డాక్టరమ్మ. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, "డాక్టర్లన్నాక అట్టాగే భయపెడతార్లే" అన్నాడు బుడాన్, స్పార్క్ ప్లగ్గు వెలుతురుకి పెట్టి చూస్తూ.

తిరుగుదారిలో పొగాకు ఆరబెట్టే పాడుబడిన బ్యారను కొట్టం ఒకటుంది. కప్పు ఊడిపోయి మొండిగోడలు మిగిలాయి. వెనక వేపచెట్ల నీడ. రోడ్డు మీదికి కనపడదు. అక్కడికి వచ్చేసరికి జోహరాబీ, "కాళ్ళు తిమ్మిరెక్కినయ్, కాస్త ఆపు" అన్నది. రోజూ అనే మాటే. నజ్మీన్ బండి బ్యారను వెనక్కి మళ్ళించి, ఇంజను కట్టేసి, ముందుసీటులో పక్కకి ఒరిగింది. రెప్ప వాల్చడమే తెలుసు.

ఇది ఎట్లా మొదలైందో ఆమెకి గుర్తుంది. ఈ అంబాసిడర్ రోడ్డెక్కిన కొత్తలో ఒకరోజు కళ్ళు తిరిగి, చేతులు చల్లబడి, గోతిలోకి పోతానేమోనని భయమేసి ఆ నీడలోకి తిప్పి ఆపింది. ఒక్క నిమిషం అనుకుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నీడ జరిగిపోయింది, ఎండ మోకాళ్ళ మీద పడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే అత్త తమలపాకు నములుతూ కూర్చుని ఉంది. ఏమీ అనలేదు. ఇంటికెళ్ళాక కొడుకుతో చెబుతుందనుకుని రోజంతా బితుకుబితుకుమంటూ గడిపింది నజ్మీన్. చెప్పలేదు. మర్నాడు అదే చోటికి రాగానే ముసలమ్మ నోరు విప్పి, "కాళ్ళు తిమ్మిరెక్కినయ్" అన్నది. అప్పటినుంచి పొద్దుట తోలకంలో సగం, సాయంత్రం తోలకంలో సగం ఆ బ్యారను వెనకే గడిచిపోతోంది. ఇద్దరూ ఏనాడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. బావిలో రాయి పడ్డట్టు పోయేది. ఇంట్లో ఆమె పడుకున్నప్పుడు కూడా ఒక చెవి మేలుకునే ఉండేది. పాలు పొంగుతాయేమో, అత్త పిలుస్తుందేమో, షెడ్డులోంచి ఆయన "ఇదిగో, ఆ లైటు పట్టుకో" అంటాడేమో. ఇక్కడ పిలిచేవాళ్ళు లేరు. పైగా ఆ సీటు తను కుట్టిందే. గుంటూరు షావుకారు కూర్చోవాల్సిన దూది మీద ముందుగా తనే కూర్చుంది, పడుకుంది. ఎన్ని సీట్లు కుట్టిందో, ఒక్కదాని మీద ఒళ్ళు వాల్చింది ఇప్పుడేగదా అనిపించేది. లేచాక మాత్రం బెంగ. వెయ్యిలో ఎంతయిందో లెక్క తెలిసింది ఆమెకొక్కదానికే. బుడాన్ లెక్క ట్రిప్పుల లెక్క. ఇన్ని ట్రిప్పులంటే ఇన్ని కిలోమీటర్లు. మీటరు ఉంటే ఆ మోసం ఒక్కపూటలో బయటపడేది. మీటరు వైరు ఊడదీసింది మొగుడే. ఇన్నేళ్ళూ ఎన్ని వేల కిలోమీటర్లు తోలిందో ఏ బండిలోనూ లెక్క పడలేదు. ఇప్పుడు తోలకపోయినా పడలేదు. చేసినప్పుడు లెక్కలేని పనికి చేయనప్పుడు మాత్రం లెక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? తప్పు చేశానా అని తనని తాను ఎన్నోసార్లు అడిగి చూసుకుంది. జవాబు తప్పనీ రాలేదు, ఒప్పనీ రాలేదు. అలసట ఒక్కటే వచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం శ్రీకృష్ణగారు వచ్చాడు. శుక్రవారం సాయంత్రానికి బండి కంటెయినర్ లారీ ఎక్కాలని చెప్పడానికి. నజ్మీన్ టీ తీసుకుని షెడ్డులోకి వెళ్ళేసరికి ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

"బాధ్యతంతా నీదేనయ్యా బుడాన్. అంతెత్తు కొండలెక్కాలి. పక్కన అల్లుడుంటాడు. కింద చూస్తే లోయలంట. అక్కడ గనక ఇంజను పట్టేసిందంటే పరువు సంగతి తర్వాత, మనుషులం మిగలం."

"మీరు దిగులు పెట్టుకోకండి. రోజూ తెల్లారగట్ల లేచి నేనే తోలుతున్నానండి. ఎవరికీ ఇవ్వను" అన్నాడు బుడాన్. నజ్మీన్ టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఉంది. ఆమె వైపు చూడకుండానే గ్లాసు అందుకున్నాడు. "కొత్త బోరు ఇంజనంటే ఏంటండీ? పచ్చి బాలింత. చన్నీళ్ళు తగలకూడదు, బరువెత్తకూడదు, గట్టిగా అదిలించకూడదు. ఆ నలభై రోజులూ కంటికి రెప్పలా చూసుకుంటేనే నలభై ఏళ్ళు పనిచేసిద్ది."

శ్రీకృష్ణగారు మెచ్చుకోలుగా తలూపాడు. "బాగా చెప్పావు. ఏమ్మా, బాగున్నావా? టీ బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు నజ్మీన్‌తో. మంచి మనిషే. ఆమె తల ఊపి ఖాళీ గ్లాసులు తీసుకుని వచ్చేసింది.

వంటింట్లో గ్లాసులు కడుగుతూ ఉండగా గుర్తొచ్చింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ముబీన్ పుట్టినప్పుడు ఇంకా పురిటి స్నానం కూడా కాలేదు. ఒక బండి అర్జెంటుగా పోవాలి, వైరింగుకి పట్టీ చుట్టే మనిషి లేడు. "కూర్చుని చేసే పనేగా. పిల్ల పక్కనే ఉంటదిగా" అని వైర్ల కట్ట తెచ్చి మంచం మీద పడేశాడు బుడాన్. ఒక చేత్తో పిల్లని ఊపుతూ, ఒక చేత్తో వైర్లకి గుడ్డపట్టీ చుట్టింది. పక్క రక్తంతో తడిసిపోయింది. అప్పుడు జోహరాబీ గుమ్మంలో నుంచుని చూసి, ఏదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయింది. ఆ బండి ఎవరిదో, ఎక్కడికి పోయిందో ఇప్పుడు గుర్తులేదు. బాలింతంటే ఏంటో ఆయనకి తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది. తెలుసన్నమాట. ఇంత చక్కగా తెలుసన్నమాట.

ఆ రాత్రంతా శ్రీకృష్ణగారి అల్లుడు కళ్ళముందు మెదిలాడు. ఆమె అతన్ని చూసింది ఒకసారే. చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చాడు. ఇంకా మూడు రోజులుంది. బుధ, గురు, శుక్రవారాలు నడుం ఇరగ తోలితే ఇంజను కొంతైనా కుదురుకుంటుంది. అట్లా తోలితే ఆపరేషన్ మళ్ళీ పోతుంది. ఈసారి పోతే డాక్టరమ్మ అన్నంతా అవుతుంది. చెప్పకుండా ఊరుకుని తన దారిన తను ఆసుపత్రికి పోతే, ఆ లోయల్లో ఏమైనా జరిగితే తన ప్రాణానికి సుఖముంటుందా? చెబితే ఇంట్లో అగ్గి రాజుకుంటుంది. బుధవారం పగలంతా ఇదే. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

బుధవారం దీపాలు పెట్టే వేళకి బుడాన్ చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. అన్నం వడ్డిస్తుంటే తనే ఎత్తుకున్నాడు.

"రేపు గుంటూరు మానెయ్. రేపు రెండు, ఎల్లుండి పొద్దున ఒకటి. మూడు ట్రిప్పులేస్తే వెయ్యీ అయిపోద్ది. ఆయిల్ మార్చి, హెడ్డు బోల్టులు బిగిచ్చి ఇచ్చేస్తే మాట దక్కుద్ది. గడ్డలకేమన్నా కాళ్ళొచ్చి పారిపోతయ్యా? వచ్చే వారం పోదాం."

"మూడు ట్రిప్పులకి అవదు" అంది నజ్మీన్.

"ఎందుకవదు? లెక్క నేను చూసుకోలా?"

"సగమే అయింది."

బుడాన్ ముద్ద కలపడం ఆపాడు. "ఏంటి సగం? రోజూ పోయొస్తన్నావుగా?"

"పోతన్నా. బ్యారను దగ్గర ఆపి నిద్రపోతన్నా."

అతను ముందు నవ్వాడు. పెళ్ళాం ఎకసెక్కమాడుతోందనుకున్నాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "నిద్రా? నా పరువు రోడ్డు మీద పెట్టి, చెట్టుకింద నిద్రపోయావా? అంత నిద్రొస్తే ఇంట్లో పడుకోవచ్చుగా!"

కోపానికి అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. నజ్మీన్ అతని కళ్ళలోకి చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి. "ఎప్పుడు?" అంది.

అతను అరుగు మీద కూర్చున్న తల్లి మీదకి తిరిగాడు. "అమ్మా! నువ్వేం చేస్తన్నావు వెనక కూర్చొని? కాపలా ఉండమనేగా పంపింది! నువ్వు కూడా గురకలు పెట్టావా?"

జోహరాబీ ఆకుకి సున్నం రాసుకుంటోంది. తల ఎత్తలేదు. "నేను రెప్ప వెయ్యలా. కాపలానే కాశా."

"ఏం కాశావు మరి?"

"దాన్నెవరూ లేపకుండా కాశా."

ఇన్నాళ్ళూ అత్త చూసీచూడనట్టు వదిలేస్తోందని అనుకుంది నజ్మీన్. వెనక సీట్లో ఈ ముసల్ది ఎండలో, ఈగలు తోలుకుంటూ, దారిన పోయేవాళ్ళని కనిపెట్టుకుంటూ కూర్చుందన్నమాట. ఇప్పుడు ఏడిస్తే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది. ఏడ్చిన ఆడదాన్ని ఊరుకోబెట్టి, తెల్లారి మళ్ళీ పనికి పంపడం ఈ ఇంటికి బాగా అలవాటే.

"ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట" అన్నాడు బుడాన్. గొంతు పెద్దది చేశాడుగానీ అందులో బలం లేదు. "శ్రీకృష్ణగారికి నేనేం చెప్పాలి ఇప్పుడు?"

"రోజూ నువ్వే తోలుతున్నానని చెప్పావుగా" అంది నజ్మీన్. "మిగిలిన సగం తోలు. ఆయన దగ్గర నీ మాట సగమన్నా నిజమైద్ది."

"రెండ్రోజుల్లో అయిదొందలా? నలభైలోనా? నడుం ఇరగదూ!"

అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. మజ్జిగకి కంచం ముందుకి జరిపాడు. నజ్మీన్ మజ్జిగ పోసి, తన కంచం పెట్టుకుని, అతని ఎదురుగానే కూర్చుని తిన్నది. అందరూ తిన్నాక తినే మనిషి ఆరోజు ఆగలేదు.

తెల్లవారింది. నజ్మీన్ రెండు చీరలు, దుప్పటి, ఆసుపత్రి కాగితాలు సంచిలో పెట్టుకుంది. పొయ్యి వెలిగించలేదు. బయట అంబాసిడర్ స్టార్టయిన చప్పుడు. బుడాన్ అద్దం తుడిచి, వెనక తలుపు తెరిచి నుంచున్నాడు. రాత్రి బాగా ఆలోచించినట్టున్నాడు, మొహం తేటగా ఉంది.

"ఎక్కండి. గుంటూరు రానూపోనూ నూట ఇరవై పడుద్ది. బండికి నెమ్మది తోలకమూ అయిద్ది, నీకు బస్సు బాధా తప్పుద్ది. నువ్వు వెనక పడుకో కావాలంటే."

మంచిగానే పిలిచాడు. గొంతులో జాలి కూడా ఉంది. వేరే రోజైతే ఆ జాలికి ఆమె కరిగిపోయేది. తెరిచిన తలుపులోంచి సీటు కనపడుతోంది, తను కుట్టిన కుట్టు. ఎక్కితే హాయిగానే ఉంటుంది. నడుం వాల్చొచ్చు. కానీ రేపు మాట ఎట్లా వస్తుందో ఆమెకి ఇప్పుడే వినపడుతోంది. బండి పనిమీద గుంటూరు పోవాల్సి ఉంటే ఆసుపత్రి పని కూడా చూసుకొచ్చాం. తన కడుపు కోసుకోవడం కూడా ఆ బండి పనిలో ఒక పనైపోతుంది, వెనక వేసుకుపోయే ఇంకో మూటైపోతుంది. ఒక్క ప్రయాణమైనా తన కోసమే చెయ్యాలి. బతికి తిరిగొస్తుందో లేదో కూడా తెలియని ప్రయాణం.

"నేను బస్సుకి పోతా. నువ్వు బండి తోలుకో" అంది.

"పిచ్చా నీకు? ఈ ఒంటితో బస్సులో నుంచుంటావా?"

"సీటు దొరక్కపోతే అడుగుతా. ఎవరో ఒకరు లేస్తారు."

బుడాన్ తల్లి వైపు చూశాడు, ఆమె అయినా చెబుతుందేమోనని. జోహరాబీ చంకలో దిండుతో, చేతిలో మంచినీళ్ళ సీసాతో అప్పటికే చెప్పులేసుకుంది. "అమ్మా, నువ్వన్నా ఉండు. నాకు అన్నమెవరు వండుతారు?"

"దారిలో హోటళ్ళున్నయ్, ఆగి తిను. ఎట్టాగూ రోడ్డు మీదేగా ఉండేది" అని ముసలమ్మ కోడలి వెనకే నడిచింది.

పల్లెవెలుగు బస్సు కిక్కిరిసి వచ్చింది. మంగళగిరి మగ్గాల మీద పనికి పోయే ఆడవాళ్ళు, మిర్చి యార్డుకి పోయే రైతులు. నజ్మీన్ మొహం చూసి ఒక పిల్ల అడక్కుండానే లేచి కిటికీ పక్కన చోటిచ్చింది. జోహరాబీ ఇరుక్కుని పక్కన కూర్చుంది. కండక్టరమ్మ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ జీరో టికెట్లు కొట్టింది. బస్సు కుదుపుకి కడుపులో పోటు లేచినప్పుడల్లా ముసలమ్మ చెయ్యి వచ్చి నజ్మీన్ చేతిమీద పడుతోంది, తియ్యడం లేదు.

పెదనందిపాడు దాటాక బస్సు వేగం తగ్గింది. హారన్లు మోగిపోతున్నాయి. ముందు మిర్చి టిక్కీ బస్తాల లారీలు, ఆటోలు, ట్రాక్టర్లు తిరనాళ్ళకి పోతున్నట్టు బారుగా కట్టాయి.

"ఎవడండీ వాడు! నెత్తిన పాలకుండ పెట్టుకున్నట్టు తోల్తన్నాడు" అని డ్రైవరు తల బయటికి పెట్టి కేకేశాడు. "ఒరేయ్ నాయనా, దిగి నడువ్, ముందు పోతావు!" బస్సులో అంతా ఘొల్లున నవ్వారు. ఒక్కొక్క బండీ తిట్టుకుంటూ దాటిపోతోంది. బస్సు వంతు వచ్చింది. కుడివైపుకి తిరిగి, దాని పక్కగా వచ్చింది.

కిటికీ కిందే అంబాసిడర్. ఏ రోడ్డు మీదైనా తోలొచ్చు, ఈ రోడ్డే ఎందుకు పట్టాడో బుడాన్. రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, మెడ అటూ ఇటూ తిప్పకుండా ముందుకే చూస్తున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. బస్సు డ్రైవరు తిట్టింది విన్నాడో లేదో, వేగం మాత్రం పెంచలేదు. చూస్తుండగానే నోరంతా తెరిచి పెద్దగా ఆవులించాడు. తల గట్టిగా విదిలించుకున్నాడు. మళ్ళీ ఆవులించాడు.

జోహరాబీ కోడలి మీదుగా వంగి చూసింది. "పాపం, వాడికి నిద్రొస్తందే" అంది.

"ఇవాళ తెలిసిందిలే అత్తా" అంది నజ్మీన్. దిండు తీసుకుని తల కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. బస్సు అతన్ని దాటి పోయింది.